పేరెత్తని రంగు

పోర్త్‌లెనిక్ రేవులో సముద్రపు కోతల పండగ దగ్గర పడిందంటే ఆడవాళ్ళ చేతులకి తీరికుండదు, మగవాళ్ళ నోళ్ళకి తీరికుండదు. ఆ ఆదివారం ప్రార్థన మందిరంలో పూలదండలు కట్టరు. గోడల నిండా వలలు వేలాడదీస్తారు. బల్ల మీద రొట్టెలు, కుంకుమపువ్వు బన్నులు, పీతల బుట్టలు, ఉప్పు చేపలు పేరుస్తారు. నియమం ఒక్కటే, కొన్న సరుకు పనికిరాదు. ఎవరి చేత్తో వాళ్ళు చేసిందో, పట్టిందో తెచ్చి దేవుడికి చూపించి, ఈ ఏడు కూడా బతకనిచ్చినందుకు సంతోషమని చెప్పుకోవాలి. ఒకసారి కెజియా హాస్కిన్ పట్నం బజారులో కొన్న కేకు తెచ్చి, తనే చేశానని బల్ల మీద పెట్టింది. కేకు అడుగున కొట్టువాడి కాగితం అంటుకునే ఉంది. ఆవిడ ఎప్పుడు గొప్పలకి పోయినా ఆ కేకు ఊసు ఎవరో ఒకరు ఎత్తుతారు.

ఆ పండగ ఇంకో మూడు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం, ఉర్సులా వేన్ ఒక పెద్ద కాగితాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని, అటక మెట్లు జాగ్రత్తగా దిగి, తిర్సా వంటింటి బల్ల మీద పరిచింది.

"మందిరానికండీ. పాస్టర్ గారిని అడిగాను. చేత్తో చేసింది ఏదైనా సరేనన్నారు," అంది. చెబుతూ చెబుతూ చెవుల దాకా ఎర్రబడింది.

తిర్సా చెగ్విడెన్ మాంసం కూరి కాల్చే పేస్టీల పిండి అంటిన చేతులతో అలాగే నిలబడిపోయింది. కాగితం నిండా ఆ రంగే. లేత చిగురు రంగు ఒకచోట, రాళ్ళ మీది నాచు రంగు ఒకచోట, చిక్కుడాకు రంగు ఒకచోట. పోర్త్‌లెనిక్ రేవులో చేపలు పట్టే ఇళ్ళవాళ్ళు ఆ రంగు పడవకి పుయ్యరు, ఒంటి మీద వేసుకోరు, దాని పేరు నోటితో అనరు. తప్పనిసరైతే 'ఆవుల మేత రంగు' అంటారు. అందుకని ఇక్కడ కూడా ఆ పేరు ఇంకాసేపు రాదు.

"బాగుందా?" అంది ఉర్సులా.

"బాగుందమ్మాయ్," అంది తిర్సా. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. పిండి వైపు తిరిగి, అప్పటికే మెత్తగా ఉన్నదాన్ని మళ్ళీ కసిగా పిసికింది.

ఉర్సులా సంగతి కాస్త చెప్పాలి. యుద్ధం అయ్యాక రేవులో పని తగ్గి, తెరచాపలూ వలలూ పెట్టుకునే అటకలు ఖాళీ పడ్డాయి. వాటికి పెద్ద పెద్ద కిటికీలుంటాయి, వెలుతురు ధారాళంగా వస్తుంది. బొమ్మలు వేసేవాళ్ళు ఆ సంగతి పసిగట్టి ఒక్కొక్కరే వచ్చి చేరారు. తిర్సా ఇంటి మీది అటకలోకి ఉర్సులా మూడేళ్ళ కిందట లీడ్స్ నుంచి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, నా అన్నవాళ్ళు లేరు, బాంబుల్లో పోయారు. పెద్ద మాటకారి కాదు. ఆవిడ వేసేవాటిలో పడవ ఉండదు, ఇల్లుండదు, మనిషి అసలే ఉండడు. నీటిరంగులు కాగితం మీద పారించి, కొంత ఆరనిచ్చి, కొంత ఒత్తి తీసేసి, మధ్యలో ఉత్త కాగితం వదిలేస్తుంది. అన్నీ రాతి రంగులూ, తుప్పు రంగులూ, వలలకి పెట్టే కాచు రంగులూ.

"అమ్మా, ఇది ఆవిడ వేసిందా, పైన వాన కారిందా?" అని తిర్సా కొడుకు హెడ్లీ మొదటి ఏడాది అడిగాడు.

"మా మనవడు జావ ఒలకబోస్తే ఇంతకన్నా బాగుంటుంది," అని కెజియా తీర్పు చెప్పింది.

అయినా ఉర్సులా అంటే ఊరికి కోపం లేదు. కారణం, ఆదివారం కుంచె ముట్టదు. పక్క వీధి చిత్రకారుడొకడు ఒక ఆదివారం రేవు గట్టు మీద పీట వేసుకుని బొమ్మ మొదలుపెట్టాడు. సోమవారం పొద్దున ఆ పీట నీళ్ళలో తేలుతూ కనపడింది. ఉర్సులా మాత్రం మొదటి వారమే తిర్సాని అడిగి ఆ సంగతి తెలుసుకుంది. అడగాలని తెలిస్తేనే కదా ఎవరైనా అడిగేది.

పోయిన ఫిబ్రవరిలో ఆవిడకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. డాక్టరు కొండ అవతలి నుంచి వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. తిర్సా అటక మీదే మకాం పెట్టింది. ఛాతీకి పట్టీలు వేసింది, బార్లీ గంజి చెంచాతో పోసింది, పక్కబట్టలు మార్చింది. ఊరూ ఊరుకోలేదు. గుమ్మంలో ఎవరో చేపలు పెట్టి వెళ్ళేవారు. సరంగు జేబెజ్ ట్రెగెన్జా పాత పడవ చెక్కలు కొట్టించి పొయ్యిలోకి పంపాడు. పగటిపూట కెజియా వచ్చి పక్కన కూచుని ఊళ్ళో కబుర్లన్నీ ఏకరువు పెట్టేది. ఆ వాగుడు తట్టుకోలేకే జ్వరం పారిపోయిందని హెడ్లీ అంటాడు. ఎలాగైతేనేం, ఉర్సులా బతికి బట్టకట్టింది. వేసవి అంతా ఒకే ఒక్క కాగితం మీద పనిచేసింది. ఆ కాగితమే ఇప్పుడు బల్ల మీద ఉంది.

తిర్సాకి ఆ రంగంటే ఊరందరికీ ఉన్న భయమే కాదు, సొంత భయం కూడా ఉంది. ఆరేళ్ళ కిందట ఆవిడ మొగుడు ఎడ్విన్, సరంగు జేబెజ్ తమ్ముడు కలిసి వేరే రేవులో ఒక పడవ చవగ్గా కొన్నారు. పక్కన పొడుగునా ఆ రంగు చార ఉంది. సీజను మీద ఉన్నాం, అయ్యాక గీకి నల్లరంగు వేద్దామనుకున్నారు. సీజను అవలేదు. కానాగంతల వేటకి వెళ్ళిన ఒక సాయంత్రం గాలి తిరగబడింది. మిగతా పడవలు వచ్చాయి, అది రాలేదు. ఆ చార ఉన్న చెక్క ఒక్కటి మాత్రం వారం తర్వాత ఇసుక మీదికి కొట్టుకొచ్చింది.

శుక్రవారం ఉర్సులా తనే కాగితాన్ని అట్టకి అంటించి మందిరానికి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. తిర్సా చూస్తూ ఊరుకుంది. సరిగ్గా టీ వేళకి కెజియా రొప్పుకుంటూ తలుపు తోసింది.

"తిర్సా, నువ్వు రావాలి. జేబెజ్ కేకలేస్తున్నాడు. నీ అద్దెమనిషి మందిరంలో ఆవుల మేత పరిచింది."

"కేకలెయ్యడం వాడికి కొత్తా?"

"ఇది ఆ కేకలు కాదు తల్లీ. గొంతు తగ్గించి వేస్తున్నాడు."

తిర్సా ఏప్రను విప్పకుండానే బయల్దేరింది. మందిరంలో వలలు సగం వేలాడదీసి ఉన్నాయి. పాస్టర్ రో గారు నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఊరికి కొత్త, గనుల వైపు నుంచి వచ్చారు. ఉర్సులా బొమ్మ ప్రసంగ వేదికకి ఆనించి ఉంది. సరంగు జేబెజ్ దానికి ఎడంగా, వీపు పెట్టి, టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"దేవుడు చేసిన రంగే కదా సరంగు గారూ," అంటున్నారు పాస్టర్ గారు.

"సొరచేపని కూడా దేవుడే చేశాడు పాస్టర్ గారూ. దాన్ని తెచ్చి మందిరంలో పెడతామా?"

"పెట్టాంగా, పోయినేడు. మా ఆయన పట్టాడు," అంది కెజియా.

"నువ్వు నోరు ముయ్యి. కేకు తెచ్చి పెట్టు." జేబెజ్ తిర్సా వైపు తిరిగాడు. గొంతు నిజంగానే తగ్గింది. "తిర్సా, ఆ అమ్మాయిని నేనేమీ అనను. మంచిది. మా ఆవిడ పోయినప్పుడు వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా రోజంతా కూచుంది. అలా ఎంతమంది కూచుంటారు? కానీ ఇది గోడకెక్కితే సోమవారం నా పడవ రేవు దాటదు. నాదే కాదు, ఏ పడవా దాటదు. మా మీద దీవెన చదివేటప్పుడు మా నెత్తి మీద ఇదుంటే ఆ దీవెన మాకెక్కడ అంటుతుంది?"

జేబెజ్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"నీ కొడుకు నా పడవ మీదే వస్తాడు. నువ్వు చెప్పు. వాడి నెత్తి మీద దీన్ని వేలాడదియ్యమంటావా? నువ్వు ఊఁ అంటే నేను మళ్ళీ నోరెత్తను."

తిర్సా కళ్ళ ముందు ఉర్సులా ముఖం మెదిలింది, చెవుల దాకా ఎర్రబడిన ముఖం. హెడ్లీ ముఖం మెదిలింది. ఇసుక మీద చెక్క మెదిలింది. ఆవిడ వంగి, బొమ్మని ఏప్రను చాటున పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. దారి పొడుగునా తన మీద తనకే ఒళ్ళు మండింది. నిన్ననే చెప్పి ఉంటే ఆ పిల్లకి ఇంత తలవంపు వచ్చేది కాదు.

ఉర్సులా పెరట్లో కుంచెలు కడుగుతోంది. తిర్సా బొమ్మని బల్ల మీద బోర్లా పెట్టి, ఆవిడని పిలిచి కూచోమంది.

"వేలాడదియ్యరమ్మాయ్."

"బాలేదా?" ఉర్సులా గొంతు పీలగా వచ్చింది.

"బాగోకపోవడం కాదు." తిర్సా చేపముల్లు ఊసినట్టు ఊసింది ఆ మాటని. "ఆకుపచ్చ."

ఎడ్విన్ పోయాక ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఒకసారి వచ్చాక మిగతాదంతా వచ్చింది. పడవ, చార, చెక్క, సరంగు తమ్ముడు, ఎడ్విన్. ఉర్సులా కదలకుండా విన్నది. విని, చేతుల్లో ముఖం దాచుకుంది.

"మూడేళ్ళు మీ ఇంట్లో ఉన్నాను. ఒక్కరూ చెప్పలేదేమండీ?"

"ఎలా చెబుతాం? చెప్పాలంటే ఆ మాట అనాలి కదా."

ఉర్సులా తలెత్తి చూసింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉర్సులాకి ఏడుపుగా మారింది.

"మీ అందరికీ సంతోషమని చెప్పుకుందామనుకున్నాను. నాకు మాటలు రావు. ఇదొక్కటే వచ్చు. తీరా చూస్తే మీకు భయం తెచ్చిపెట్టాను."

"పోనీ ఇంకోటి తెచ్చిపెట్టు. పైన బోలెడున్నాయిగా, ఆ తుప్పు రంగువి."

"అవి మీకోసం వేసినవి కాదు." ఉర్సులా కళ్ళు తుడుచుకుని, బొమ్మని వెనక్కి తిప్పి కాసేపు చూసింది. "దీన్నే కడుగుతాను."

"కడుగుతావా? సబ్బు పెట్టి ఉతుకుతావా ఏం? వేసవంతా కూచుని వేశావు కదే పిల్లా."

"నీటిరంగు కదండీ. కాగితం గట్టిది, తట్టుకుంటుంది. ఇందులో రెండే రంగులున్నాయి. కింద నీలం వేశాను, అది కాగితం కడుపులోకి దిగిపోతుంది, ఎంత కడిగినా పోదు. పైన వేసింది పసుపు. అది చెట్టు జిగురు, పైపైనే నిలబడుతుంది. తడిపి స్పాంజితో అద్దితే వచ్చేస్తుంది. పసుపు పోతే మీరు భయపడే రంగు పోతుంది."

తిర్సాకి నమ్మకం కుదరలేదు. అయినా బట్టలుతికే తొట్టి బయటికి లాగి, పీపాలోంచి వాననీళ్ళు పోసింది. శనివారం పొద్దున ఇద్దరూ తొట్టికి చెరో వైపూ వంగారు. ఉర్సులా కాగితాన్ని అట్ట నుంచి విడదీసి నీళ్ళలోకి జార్చింది. తిర్సా రెండు మూలలు పట్టుకుంది. పసిపిల్లకి మొదటిసారి నీళ్ళు పోసేటప్పుడు కూడా ఆవిడ అంత జాగ్రత్త పడలేదు.

చెప్పినట్టే జరిగింది. స్పాంజి తగిలిన చోటల్లా పసుపు పొగలా లేచి నీళ్ళలో కలిసింది. దాని కిందనుంచి నీలం బయటపడింది. ఊరికే నీలం కాదు. ఒకచోట మబ్బు పట్టినట్టు, ఒకచోట లోతుకి దిగినట్టు, మధ్యలో నిలువుగా, అడ్డంగా రెండు తెల్లటి గీతలు, ఉత్త కాగితం వదిలేసినవి. తిర్సా ఆ గీతల వంక చూసింది. ఎక్కడో చూసినట్టే ఉంది.

"ఈ నీలం ఏమిటి?"

"సముద్రం. అటక కిటికీలోంచి."

అప్పుడు తెలిసింది తిర్సాకి. ఆ తెల్ల గీతలు కిటికీ చట్రం. పెళ్ళైనప్పటి నుంచీ తుడుస్తున్న కిటికీ. ఏమీ లేని బొమ్మ అని ఊరంతా నవ్విన మనిషి బొమ్మలో తన ఇల్లుంది.

"మరి పసుపు?" అంది, ఊరికే అడిగినట్టు.

ఉర్సులా చెయ్యి ఆగకుండా అద్దుతూనే ఉంది. "మీ దీపం."

తిర్సా తలెత్తి ఆవిడ వంక చూసింది.

"జ్వరంలో నాకు పగలో రాత్రో తెలిసేది కాదు. కళ్ళు తెరిస్తే కిటికీ అద్దంలో మీ దీపం వెలుగు సముద్రం మీద పరిచినట్టు కనపడేది. అది కనపడిందంటే మీరు పక్కన కూచున్నారని అర్థం. సరే, ఇంకొంచెం సేపు ఊపిరి తీద్దాం అనుకునేదాన్ని. నేను ఆ రంగు వెయ్యలేదు తిర్సా గారూ. సముద్రం వేసి, ఆరనిచ్చి, దాని మీద మీ దీపం వేశాను. రెండూ కలిసి అదయింది."

తొట్టిలో నీళ్ళు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. తిర్సా ఆ నీళ్ళ వంక చూసింది. ఎడ్విన్ సముద్రం మీదున్న ప్రతి సాయంత్రం ఆవిడ అటక కిటికీలో కిరసనాయిలు దీపం పెట్టేది. వంటింట్లోకి కరెంటు వచ్చాక కూడా మానలేదు. అతను రాని రోజు కూడా తెల్లారేదాకా పెట్టింది. ఆ తర్వాత దీపాన్ని గుడ్డలో చుట్టి బీరువా అడుగున పడేసింది. ఎవర్నీ ఇంటికి తేలేని దీపం ఎందుకని. ఫిబ్రవరిలో అటకలో కరెంటు లేక, గత్యంతరం లేక, బయటికి తీసింది. దాన్ని ఒకరు చూశారనీ, దాన్ని పట్టుకుని ఒకరు బతికారనీ ఆవిడకి ఈ క్షణం దాకా తెలీదు.

తిర్సా గభాలున ఉర్సులా మణికట్టు పట్టుకుంది.

"ఆపు."

"ఇంకొంచెమే ఉందండీ, ఈ అంచున."

"ఆపమన్నానా."

కాగితం కుడి అంచున చెయ్యి వెడల్పున ఒక పట్టీ మిగిలింది. నీలం పక్కన అది మునుపటి కన్నా లేతగా, చిగురు వేసినట్టు కనపడింది. ఇద్దరూ కలిసి కాగితాన్ని పైకెత్తి, పలక మీద పరిచి ఆరబెట్టారు.

మధ్యాహ్నం హెడ్లీ పడవ దగ్గర్నుంచి వచ్చి, కాచు మరకల చేతులు కడుక్కుంటూ దాని ముందు ఆగాడు.

"ఇంకా ఉందిగా ఆ రంగు," అన్నాడు.

"ఉంది. నీకు భయంగా ఉందా?"

హెడ్లీ అబద్ధమాడే రకం కాదు. "ఉంది."

"అయితే తీసేస్తాను. నువ్వు చెప్పు. నీ నెత్తి మీద ఉండేది."

వాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ తల్లి ముఖం చూశాడు. "భయం వేసిన రోజున సముద్రం మీదికి వెళ్ళకపోతే నేను ఏ రోజూ వెళ్ళనమ్మా. నీకు కావాలంటే ఉండనీ. సరంగుకి నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు."

శనివారం సాయంత్రం తిర్సా బొమ్మని ఏప్రను చాటున పెట్టుకోలేదు. రెండు చేతులా ముందుకి పట్టుకుని, వెనకాల ఉర్సులాని వెంటబెట్టుకుని మందిరంలోకి నడిచింది. జేబెజ్, ఇంకో నలుగురు వలలు కడుతున్నారు. కెజియా బల్ల మీద గుడ్డ పరుస్తోంది. పాస్టర్ గారు మళ్ళీ నిచ్చెన దగ్గరే ఉన్నారు.

జేబెజ్ దూరం నుంచి చూసి తల ఊపాడు. "ఇప్పుడు బాగుంది. ఇది నీళ్ళు. ఇదైతే..." దగ్గరికి వచ్చి మాట ఆపేశాడు. "తిర్సా, అంచున మిగిలింది."

"మిగలలేదు. మిగిల్చాను."

"ఎందుకు?"

"అది నువ్వనుకునే రంగు కాదు. కింద ఉన్నది సముద్రం. పైన ఉన్నది నా దీపం. ఈ పిల్ల చావబోతూ చూసింది దాన్ని. మిగతాది నీకోసం కడిగాం జేబెజ్. ఇది కడగను." ఆవిడ బొమ్మని ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది. "ఈ రంగుకి మొగుణ్ణిచ్చింది నేను. రేపు దీని కింద కూచునేది నా కొడుకు. నేను కూచోగలిగితే మీరూ కూచోగలరు."

వల ముడి వేస్తున్న మనిషి ముడి దగ్గరే ఆగిపోయాడు. జేబెజ్ బొమ్మకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నిన్న వీపు పెట్టిన మనిషి ఇవాళ కళ్ళు తిప్పకుండా చూశాడు. టోపీ తీసేశాడు.

"అటక కిటికీలో పెట్టేదానివి," అన్నాడు.

"అవును."

"ఆ రోజు కూడా పెట్టావు."

"పెట్టాను. ఏం లాభం?"

జేబెజ్ నేల చూపులు చూశాడు. అరవై దాటిన మనిషి, గాలివానలో కేకేస్తే రేవంతా వినపడే గొంతు, ఇప్పుడు పక్కవాడికి కూడా వినపడీ వినపడనట్టు వచ్చింది.

"ఆ రోజు కరెంటు తీగలు తెగి రేవు దీపం ఆరిపోయింది. వాన. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. రాళ్ళెటో, రేవెటో తెలీదు. నేనెటు తిప్పినా చావే అనుకున్నాను. అప్పుడు పైన ఒక్క పసుపు చుక్క కనపడింది. అది ఎడ్విన్ వాళ్ళ అటక అని తెలుసు. దాన్ని ఎడమ చేతికి పెట్టుకుని లోపలికొచ్చాను." టోపీ అంచు నలిపాడు. "నీ కొడుకు నా పడవలోనే ఉన్నాడు. మొదటి సీజను వాడిది. అడుగున కూచుని బక్కెట్టుతో నీళ్ళు తోడుతున్నాడు. వాడు తలెత్తలేదు, వాడికి తెలీదు. నాకు తెలుసు."

"ఆరేళ్ళు జేబెజ్," అంది తిర్సా. "ఒక్క మాట చెప్పావా?"

"ఎలా చెప్పను? నీ గుమ్మంలోకొచ్చి, నీ దీపం నన్ను తెచ్చింది, నీ మొగుణ్ణి తేలేదు, చాలా సంతోషం అననా? ఎన్నోసార్లు మీ ఇంటి దాకా వచ్చాను. తలుపు దగ్గర చేపలు పెట్టి వెళ్ళిపోయాను." ముక్కు చీదాడు. "ఇప్పుడు చెబుతున్నాను. సంతోషం తిర్సా. నేనూ, నా పడవలోవాళ్ళూ నీ చలవ వల్లే బతికున్నాం."

తిర్సా బొమ్మని గోడకి ఆనించి, దగ్గరున్న బెంచీ మీద కూలబడింది. తన దీపం ఎవర్నీ తేలేదని ఆరేళ్ళు దాన్ని తిట్టుకుంది. బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆ గుడ్డ మూట వంక చూడకుండా కావలసిన దుప్పటి చప్పున తీసుకుని మూసేసేది. అది తన బిడ్డని తెచ్చిచ్చిందట. ప్రతి పొద్దునా బల్ల దగ్గర కూచుని రొట్టె తిని, కాచు చేతులతో తువ్వాళ్ళు పాడుచేసి, తన చేత తిట్లు తింటున్న ఆ బిడ్డని. ఇదంతా తెలియకుండానే తను చచ్చిపోయి ఉండేది. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఉర్సులా పక్కన కూచుని, ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యి పట్టుకుంది. ఆవిడ పట్టుకునే తీరే అంత.

"నువ్వు ఇది వెయ్యకపోతే ఈ మాట నా చెవిన పడేది కాదమ్మాయ్," అంది తిర్సా ముక్కు తుడుచుకుంటూ. "అంచున కాస్త మిగిలింది చూడు, అదీ నీ పుణ్యమే."

"మీరే కదా ఉంచారు."

జేబెజ్ అప్పటికే నిచ్చెన ఎక్కేశాడు. మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని, సుత్తి పట్టుకుని, బొమ్మని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఇది ఏ వైపు పైకి?"

ఉర్సులా లేచి నిలబడింది. "మీకెలా బాగుంటే అలా, సరంగు గారూ."

"నన్నడుగుతావేం? వేసింది నువ్వా నేనా?" అని విసుక్కున్నాడు. తర్వాత కళ్ళు చికిలించి, రేవులోకి వస్తున్న మనిషిలా మెల్లగా తల వంచి చూశాడు. లేత పట్టీ ఎడమ చేతి వైపు వచ్చేలా బొమ్మని తలకిందులు చేశాడు. "ఇలా," అన్నాడు. "లోపలికొచ్చేటప్పుడు ఇలా ఉంటుంది."

"అయితే అలాగే ఉండనివ్వండి," అంది ఉర్సులా.

మేకు కొట్టాడు. కెజియా కింద నుంచి, వంకర ఉంది అంది. కేకు తెచ్చినవాళ్ళకి వంకరగానే కనపడుతుంది అన్నాడు జేబెజ్. పాస్టర్ గారు ఎవరూ అడగకపోయినా ఆమెన్ అన్నారు.

మర్నాడు మందిరం కిటకిటలాడింది. ఒకరిద్దరు గోడ వంక చూసి గుసగుసలాడారు గానీ, జేబెజ్ సరిగ్గా దాని కిందే తన పడవ మనుషులందరినీ వరసగా కూచోబెట్టి, వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసేసరికి నోళ్ళు మూతపడ్డాయి. దీవెన చదివినప్పుడు హెడ్లీ తల వంచుకున్నాడు. వాడి తల మీద, గోడ మీద, తిర్సాకి సముద్రమూ దీపమూ రెండూ కనపడ్డాయి. ఆవిడకి భయం పోలేదు. పడవలున్నన్నాళ్ళూ పోదు. కానీ భయం పక్కన ఇంకోటి వచ్చి కూచుంది, బెంచీ మీద ఉర్సులా కూచున్నట్టు.

అందరూ కీర్తనకి లేచారు. ఉర్సులాకి ఆ పాట రాదు. తిర్సా పుస్తకాన్ని ఆవిడ వైపు జరిపి, పాడాల్సిన చోట వేలు పెట్టి చూపించి, గొంతెత్తి పాడింది.